తెడ్డు పట్టిన ఆడవాళ్ళు: ఎర్నెస్టైన్ బేయర్, మా పీడీ మేడమ్

ఉప్పుటేరు
అందరికీ నమస్కారం. రోజూ చదువుతాను కానీ రాసింది తక్కువ. ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను.

మా పాపకి పదమూడేళ్ళు. స్కూల్ ప్రాజెక్టుకి ఆటల్లో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళ గురించి వెతుకుతోంది, నేనూ పక్కన కూర్చున్నాను. అందులో ఎర్నెస్టైన్ బేయర్ అనే అమెరికా ఆవిడ కనబడింది. అక్కడివాళ్ళు ఆవిడని ఆడవాళ్ళ రోయింగ్‌కి, అంటే తెడ్లతో పడవ తోసే ఆటకి, తల్లి అంటారు. 1909లో పుట్టి 2006లో పోయింది. 1938లో, అంటే మనకింకా స్వాతంత్ర్యం రాకముందు, ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ కోసం ఒక రోయింగ్ క్లబ్ పెట్టింది. అప్పటినుంచి ముసలితనం దాకా అదే పని.

అది చదువుతున్నంతసేపూ నా కళ్ళముందు మా పీడీ మేడమే ఉన్నారు. 2003లో నేను విశాఖలో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో చేరాను, అక్కడ మాతో పడవ తోయించేవారు. మా మేడమ్ కాలేజీలో ఆటలు చెప్పేవారు. పడవలు ఆవిడ డ్యూటీ కాదు. అయినా ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఆటో మాట్లాడుకుని, కంచరపాలెం నుంచి ఒకరిని, అల్లిపురం నుంచి ఇద్దరిని, ఇలా ఇంటింటికీ వచ్చి ఎక్కించుకునేవారు. ఆటోలో ఆవిడ ఉంటేనే మా నాన్నగారు నన్ను పంపేవారు. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి. అందులో పాత నేతచీర చింపిన పేలికలు, కొబ్బరినూనె సీసా, ఒక రూళ్ళ పుస్తకం. పేలికలు తడిపి మా అరచేతులకి చుట్టి, ముడి మణికట్టు వెనక్కి వచ్చేలా తనే కట్టేవారు.

పాప ఇప్పుడు "అమ్మా, నేను కూడా పడవ తోస్తాను" అంటోంది. వైజాగ్‌లో ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. అలాగే ఇలాంటి ఆడవాళ్ళు మీకు తెలిస్తే వాళ్ళ గురించి కూడా రాయండి.

దొండపర్తి_వాసి
అక్కా, ముందు ఆ బేయర్ గారి కథ ఇంకొంచెం చెప్పండి. క్లబ్ పెట్టడం అంత గొప్ప సంగతి ఎందుకైంది? ఫిలడెల్ఫియాలో అప్పటికే క్లబ్బులు బోలెడు ఉండాలి కదా.

ఉప్పుటేరు
ఉన్నాయి తమ్ముడూ, అసలు సంగతి అదే. స్కూకిల్ నది ఒడ్డున వరసగా క్లబ్బుల భవనాలు ఉంటాయి, బోట్‌హౌస్ రో అంటారు. అన్నీ మగవాళ్ళవే. ఆవిడ భర్త ఎర్నెస్ట్ బేయర్ పెద్ద రోవర్. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో నలుగురు తోసే పడవలో రజతం గెలిచాడు. వీళ్ళ పెళ్ళి ఆ ఏడాది మొదట్లోనే అయింది కానీ బయటపెట్టలేదు. పెళ్ళయిందని తెలిస్తే అతన్ని జట్టులోంచి తీసేస్తారేమోనని భయం. అంటే ఆ పతకం కోసం ఆవిడ తన పెళ్ళినే దాచుకుంది!

తర్వాత పదేళ్ళు ఒడ్డున నిలబడి భర్త పడవ తోయడం చూసింది. నేనెందుకు తోయకూడదు అని ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో. ఆవిడ బ్యాంకులో ఉద్యోగి. తనతో పనిచేసే అమ్మాయిలని కూడగట్టింది. ఆ వరసలోనే స్కేటింగ్ క్లబ్ వాళ్ళ భవనం ఒకటి ఉంటే అద్దెకి తీసుకుంది. ఫిలడెల్ఫియా గర్ల్స్ రోయింగ్ క్లబ్ అలా మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది.

నా మనసుకి బాగా పట్టింది మాత్రం 1967 సంగతి. అప్పటికి అమెరికా ఆడవాళ్ళ జట్టు ఒక్కసారి కూడా యూరప్ పోటీలకి వెళ్ళలేదు. పంపేవాళ్ళు లేరు, డబ్బులిచ్చేవాళ్ళు లేరు. ఈవిడే పూనుకుని, డబ్బు సమకూర్చుకుని, ఎనిమిది మంది పడవని ఫ్రాన్స్‌లో విషీ అనే ఊరికి తీసుకెళ్ళింది. ఆ పడవలో సొంత కూతురు టీనా కూడా ఉంది. పతకం రాలేదు. కానీ మరుసటి తరానికి దారి తెలిసింది. 1984 లాస్ ఏంజెలెస్‌లో అమెరికా ఆడవాళ్ళ ఎనిమిది మంది పడవ స్వర్ణం గెలిచింది. అదే ఏడాది ఈవిడని అక్కడి రోయింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అప్పటికి ఆవిడకి 75 ఏళ్ళు. 90 దాటాక కూడా పడవ ఎక్కిందట.

చుక్కాని
నేను నేవీలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. అమ్మా, మీరు చేసింది పుల్లింగ్, ఆవిడ చేసింది రోయింగ్. రెండూ తెడ్డు పనే అయినా తేడా పెద్దది. మీ పాప కోసం అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను.

మీరు ఎక్కింది వేలర్ అనే 27 అడుగుల పడవ అయి ఉంటుంది. అయిదు తెడ్లు, ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు. వెనక చుక్కాని దగ్గర పడవని నడిపించే కాక్సన్. కూర్చునే బల్ల కదలదు. అందుకని బలం నడుములోంచి, వీపులోంచి రావాలి. రేసింగ్ పడవలో సీటు కింద చిన్న చక్రాలుంటాయి, ముందుకీ వెనక్కీ జారుతుంది. పాదాలు పలకకి బిగించి ఉంటాయి. ముందు కాళ్ళతో తన్నాలి, తర్వాత వీపు తెరుచుకోవాలి, చివర చేతులు లాగాలి. కొత్తవాళ్ళు చేతులతో మొదలుపెడతారు, రెండు వందల మీటర్లకే అలిసిపోతారు. ఆ పడవ బరువు కూడా ఊహించలేరు. ఒక్కరు తోసే పడవ 27 అడుగుల దాకా పొడవుంటుంది, నియమం ప్రకారం కనీస బరువు 14 కిలోలే. గ్యాస్ బండ కన్నా తేలిక. అందుకే చిన్న అలకి కూడా తిరగబడుతుంది, దానికి నిలకడ నీళ్ళు కావాలి.

పేలికల గురించి ఒక్క మాట. తడిగుడ్డ ముడత పడితే బొబ్బ ఇంకా పెద్దదవుతుంది. చేతులు కాయలు కట్టేదాకా ఉత్త చేతులతో కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడమే మేలు. మీ మేడమ్ ప్రేమతో చేశారు, దానికి దణ్ణం పెడతాను. మీ పాపకి మాత్రం చుట్టకండి.

ఉప్పుటేరు
నిజమేనండీ! రెండో ఏడాది ఆవిడే పేలికలు మానేశారు. "నా చీర వేస్టయింది, మీ చేతులు కూడా" అన్నారు. తర్వాత కొబ్బరినూనె ఒక్కటే. బొబ్బ పగిలినా పైతోలు లాగనిచ్చేవారు కాదు.

జాలారిపేట_పిల్ల
అక్కా, నేను పెదజాలారిపేట అమ్మాయిని. ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో తాత, నాన్న, ఇద్దరు అన్నలు అందరూ వేటకి వెళ్తారు. మా నాయనమ్మ, అమ్మ చేపల గంప ఎత్తుతారు. హార్బర్‌లో తెల్లారగట్ల వేలం పాట, తలమీద చుట్టకుదురు, దానిమీద గంప, ఇంక ఊరంతా నడకే. ఆ గంప బరువు తెడ్డు కన్నా తక్కువేం కాదు. కానీ మా ఇంట్లో ఆడదాన్ని తెప్ప ఎక్కనిచ్చేవారు కాదు. ఎందుకని అడిగితే "అలాగే ఉంది" అనేవారు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఒకరోజు నాన్న ఒడ్డున వల ఆరబెడుతున్నారు. ఎవరూ లేరు. తెప్ప సగం నీళ్ళలో ఉంది. "ఎక్కు" అన్నారు. ఎక్కాను. తెడ్డు చేతికిచ్చారు. దుంగ మధ్యలోంచి నీళ్ళు పైకొచ్చి పాదాలు తడుస్తున్నాయి. నాలుగు సార్లు వేశానంతే, కెరటం విరిగే చోటు దాకా కూడా వెళ్ళలేదు. దింపేసి "అమ్మకి చెప్పకు" అన్నారు. ఇప్పుడు మావి ఫైబర్ బోట్లు, ఇంజన్లు. తెడ్డు పక్కన పడేసి ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగు వేట్లే గుర్తొస్తాయి.

సముద్రం పక్కనే పుట్టినవాళ్ళకి దక్కనిది, బ్యాంకులో కూర్చునే ఆవిడ సాధించుకుంది. కోపంతో అనడం లేదక్కా, సంతోషంగానే ఉంది. కానీ మా పేటలో కూడా ఒకరు ఉండి ఉంటే బాగుండేది.

మద్దిలపాలెం_రీడర్
చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

సముద్రంలో ఆడవాళ్ళంటే మన వైజాగ్ పేరు ఒకటి చెప్పుకోవాలి. ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఆరుగురు నేవీ మహిళా ఆఫీసర్లు 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి, 2018 మేలో తిరిగొచ్చారు. అందులో పాతర్లపల్లి స్వాతి మన విశాఖ అమ్మాయే. బొడ్డపాటి ఐశ్వర్య కూడా తెలుగమ్మాయే. తెరచాప పడవ కాబట్టి ఇది సెయిలింగ్, రోయింగ్ కాదు, తెలుసు. కానీ ఈ తీరం అమ్మాయిలకి సముద్రం కొత్త కాదని చెప్పడానికి రాశాను.

థేమ్స్_గట్టు
నాది సీతమ్మధార, పదిహేనేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. మా ఆఫీసు దగ్గర నది ఉంది, శనివారాలు నేనూ తోస్తాను. బేయర్ గారికి అక్కలాంటి ఆవిడ ఒకరు ఇక్కడ ఉండేది, పేరు ఎమీ జెంట్రీ. 1926లో వేబ్రిడ్జ్‌లో ఆడవాళ్ళ రోయింగ్ క్లబ్ స్థాపించింది. తర్వాత దశాబ్దాల పాటు ఈ దేశంలో ఆడవాళ్ళ రోయింగ్ సంఘాన్ని నడిపింది. 1960లో ఆడవాళ్ళ యూరోపియన్ పోటీలు లండన్‌లో జరిగాయి, వాటి వెనకా ఆవిడ చెయ్యి ఉంది.

అప్పటి పరిస్థితి చెప్పాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 1927లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఆడవాళ్ళు మొదటిసారి పోటీ పడ్డారు. రెండు పడవల్నీ ఒకేసారి పక్కపక్కన వదల్లేదు. విడివిడిగా తోయించి, వేగంతో పాటు ఎంత అందంగా తోశారన్నదానికి కూడా మార్కులు వేశారు. ఆడవాళ్ళు పక్కపక్కన పోటీపడితే బాగుండదన్నమాట. గట్టు మీద ఎగతాళి చేయడానికి కూడా జనం చేరారు. ఆ ఆడవాళ్ళ పందెం మగవాళ్ళ పందెం జరిగే లండన్ దారిలోకి రావడానికి 2015 దాకా పట్టింది. ఎనభై ఎనిమిదేళ్ళు!

జెంట్రీ గారి గురించి నాకు చాలా ఇష్టమైన సంగతి ఇంకోటి ఉంది. ఆవిడ విమానాల కంపెనీలో బార్న్స్ వాలిస్ అనే ఇంజనీరు దగ్గర సెక్రటరీ. రెండో ప్రపంచ యుద్ధంలో నీటి మీద ఎగిరెగిరి వెళ్ళే బాంబుని తయారుచేసింది ఆయనే. ఆ ఆలోచనని చిన్న గుండ్లతో ఒక చెరువులో పరీక్షిస్తుంటే, పడవ తోసింది ఈవిడే.

స్కోర్‌బుక్
ఇంత మంచి చర్చలో కొన్ని ఏళ్ళు ఒకచోట పెడితే ఉపయోగం.

ఆడవాళ్ళ యూరోపియన్ పోటీలు అధికారికంగా 1954లో మొదలయ్యాయి. ప్రపంచ పోటీల్లో చోటు 1974లో వచ్చింది. ఒలింపిక్స్‌లో 1976 మాంట్రియల్‌లో, ఆరు విభాగాలు. మగవాళ్ళకి 1900 నుంచే ఉంది. ఇచ్చిన చోటు కూడా సగమే, మగవాళ్ళకి 2000 మీటర్లు, ఆడవాళ్ళకి 1000. ఆడవాళ్ళ ఒంటికి అంత దూరం పడదని నమ్మేవారు. 1988 సియోల్‌లో గానీ ఒలింపిక్స్‌లో దూరం సమానం కాలేదు. విభాగాల సంఖ్య చెరి ఏడు అయ్యింది టోక్యోలో.

మాంట్రియల్‌లో అమెరికా ఆడవాళ్ళ ఎనిమిది మంది పడవకి కాంస్యం వచ్చింది. అందులో అనితా డిఫ్రాంట్జ్ ఉంది. బేయర్ గారు క్లబ్ పెట్టిన అదే బోట్‌హౌస్ రోలోని వెస్పర్ క్లబ్బులో తయారైన మనిషి. 1986లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యురాలైంది, 1997లో ఆ కమిటీకి మొట్టమొదటి మహిళా ఉపాధ్యక్షురాలైంది. ఒక అద్దె భవనంతో మొదలైన వరస ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి.

సూటిగా_చెబుతా
అందరి మీదా గౌరవంతోనే ఒక మాట. మనం ఇలా కథలు చెప్పుకుంటే పడవలు రావు. ఒక్క రేసింగ్ పడవ లక్షల్లో ఉంటుంది. డబ్బు పతకం వచ్చిన చోటికే వెళుతుంది. పారిస్ 2024 దాకా మన దేశం నుంచి ఒలింపిక్స్ రోయింగ్‌కి వెళ్ళినవాళ్ళందరూ మగవాళ్ళే, ఒక్క ఆడపిల్ల లేదు. ముందు ఒక అమ్మాయిని ఆ స్థాయికి తయారుచేస్తే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. నా అభిప్రాయం ఇది, తప్పయితే సరిదిద్దండి.

కటక్_తెలుగు
అన్నా, సగం ఒప్పుకుంటాను. నేను ఉద్యోగరీత్యా కటక్‌లో ఉంటున్నాను. ఇక్కడ మహానది పక్కన జగత్‌పూర్‌లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళ వాటర్ స్పోర్ట్స్ సెంటర్ ఉంది. ఒడిశా అమ్మాయిలు ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రభా మింజ్ 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఇద్దరు తోసే పడవలో కాంస్యం తెచ్చారు. ముందు ఊళ్ళో పడవ ఉంది, నేర్పేవాళ్ళున్నారు, ఉండడానికి హాస్టల్ ఉంది. ఆ తర్వాతే పతకం. మీరు చెప్పిన వరస తిరగేసి ఉంది.

ఇంకోటి. ఒలింపిక్స్ సంగతి మీరు చెప్పింది నిజమే, కానీ పారిస్ పారాలింపిక్స్‌లో మన దేశం నుంచి ఒక మహిళ తోసింది. పేరు అనిత. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. ఆవిడతో పాటు అదే పడవలో ఉన్నది మన ఆంధ్రా జవాను కొంగనపల్లె నారాయణ, మందుపాతర పేలి కాలు పోయింది. ఇద్దరూ 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం కూడా గెలిచారు. నారాయణ గారి గురించి మన పేపర్లు రాశాయి, అనిత పేరు మనవాళ్ళలో ఎంతమందికి గుర్తుంది?

ఉప్పుటేరు
సూటిగా_చెబుతా గారూ, మీ మాటని కొట్టిపారేయను. కానీ మా మేడమ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒక్కరికీ జాతీయ పతకం రాలేదు. ఒకసారి పోటీకి పది రోజుల ముందు ఒక ఆఫీసులో "బోట్లు అబ్బాయిల ప్రాక్టీసుకి అయ్యాక చూద్దాం" అన్నారు. మేడమ్ అక్కడి వరండాలో బెంచీ మీద పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా కూర్చున్నారు. గొడవ పడలేదు, పక్కన టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నారంతే. మాకు రోజుకి గంట దొరికింది. ఆ గంటలో నేర్చుకున్నది నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. ఆఫీసులో టెన్షన్ పెరిగితే ఇప్పటికీ ఊపిరి తెడ్డు లెక్కలోనే తీసుకుంటాను.

చుక్కాని
పాప విషయానికి వద్దాం. వైజాగ్‌లో నిలకడ నీళ్ళంటే మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ గుర్తొస్తాయి. రెండూ తాగునీటి రిజర్వాయర్లు, అనుమతి లేకుండా దిగే మాటే వద్దు. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసేచోట నీళ్ళు కొంత నెమ్మదిగా ఉంటాయి, కానీ ఆటుపోట్లు చూసుకోవాలి.

అసలు మన ఊరికి అదృష్టం ఇంకో వైపు నుంచి వస్తోంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బీచ్ స్ప్రింట్ అనే రోయింగ్ మొదటిసారి పెడుతున్నారు. ఇసుకలో పరుగెత్తి పడవ ఎక్కాలి, నీళ్ళలో తేలే గుర్తుల (బాయిల) చుట్టూ తిప్పుకుంటూ 250 మీటర్లు లోపలికి, అక్కడ మలుపు, 250 మీటర్లు వెనక్కి, మళ్ళీ ఇసుకలో పరుగు. ఆడవాళ్ళకి విడిగా ఒక పోటీ, ఆడ మగ కలిసి తోసే పోటీ ఒకటి ఉంటాయి. ఆ పడవలు వెడల్పుగా, గట్టిగా ఉంటాయి, కెరటానికి తట్టుకుంటాయి. 2000 మీటర్ల సరస్సు లేని ఊరికి ఇంతకన్నా ఏం కావాలి?

జాలారిపేట_పిల్లా, ఇది నీకోసమే చెబుతున్నానమ్మా. కెరటం ఎప్పుడు విరుగుతుందో, ఏ క్షణంలో పడవ తోయాలో కోచ్ నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. మీ ఇంట్లో అది పుట్టుకతో వస్తుంది.

హెచ్చరిక కూడా రాస్తున్నాను. ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమందిని తీసుకుపోయాయో ఊరందరికీ తెలుసు. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రంలోకి ఉంటుంది, వెళ్ళడం తేలిక, రావడం కష్టం. ఈత పరీక్ష, లైఫ్ జాకెట్, వెంట ఇంజన్ బోటు, ఈ మూడూ లేకుండా పిల్లల్ని దింపవద్దు.

జాలారిపేట_పిల్ల
ఇంజన్ బోటు మా నాన్నది ఉంది. అడుగుతాను.

ఎంవీపీ_అమ్మ
ఉప్పుటేరు గారూ, ఒక్క మాట అడగాలి. మీ మేడమ్ నీలం అంచు తెల్లచీర కట్టేవారా? పడవ ఒడ్డుకి రాగానే అందరి కన్నా ముందు తెడ్లు లెక్కపెట్టి, తర్వాత మనుషుల్ని లెక్కపెట్టేవారా?

ఉప్పుటేరు
అవును!! మీరెవరు?

ఎంవీపీ_అమ్మ
మీకు నాలుగేళ్ళు సీనియర్ని. 1999 బ్యాచ్. బౌ ఓర్, అంటే పడవ ముందు కొసన ఉండే తెడ్డు, నాది.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. రూళ్ళ పుస్తకం అన్నారే, అందులో మన పేర్లు, బరువులే కాదు, మన ఇళ్ళలో ఎవరెవరు ఒప్పుకోలేదో కూడా రాసుకునేవారు. "మేనమామ", "నాయనమ్మ", "అన్న" అని. ఆదివారం ప్రాక్టీసు, శనివారం సాయంత్రం ఆ మేనమామ ఇంటికి వెళ్ళి కూర్చోవడం. మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మూడోసారి మా నాయనమ్మే కాఫీ ఇచ్చి "పిల్లని నువ్వే దింపాలి మరి" అంది. ఆటో మొదలైంది అలాగే. ఆటో డబ్బులు కాలేజీ ఇచ్చిందనుకున్నాం ఇన్నాళ్ళూ. ఆవిడ జీతంలోంచే అని రిటైర్మెంట్ రోజున వాళ్ళాయన నోట విన్నాను.

ఆవిడకి ఇప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ళ ఆపరేషన్ అయింది, నడుస్తున్నారు. నేను అప్పుడప్పుడు వెళ్తాను. ఈ చర్చ మొత్తం నిన్న సాయంత్రం చదివి వినిపించాను. బేయర్ గారు బ్యాంకు ఉద్యోగిని అన్నచోట ఆపి, "జీతం రాళ్ళు ఉంటే అద్దె కట్టొచ్చు కదా" అన్నారు. విషీ సంగతి దగ్గర మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కూతురు ఆ పడవలో ఏ సీటు?" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

మీ పేరు చెప్పలేదు, నాకూ తెలియదు కదా. ఆటోలో ఎక్కించుకునే పిల్లల సంగతి ఎవరో రాశారంటే, "అల్లిపురం నుంచి ఎక్కేది ఇద్దరు. సన్నగా ఉండేది బాగా తోసేది, లావుగా ఉండేది బాగా పాడేది. రాసింది ఎవరు?" అన్నారు.

ఉప్పుటేరు
కంచరపాలెం అమ్మాయిని అని చెప్పండి. మిడ్‌షిప్ ఓర్, మధ్య తెడ్డు. రెండో ఏడాది చేతికి కట్టు ఉన్నా ఒడ్డున కూర్చోనని ఏడ్చిన పిల్ల అంటే గుర్తుపడతారు. ఆదివారం పాపని తీసుకుని వస్తాను. అడ్రసు నాకు విడిగా మెసేజ్ పెట్టండి అక్కా.

చుక్కాని
ఆవిడ ఓపిక చూసి, వీలైతే ఆ మరుసటి ఆదివారం భీమిలికి తీసుకురండి. పోటు ఎన్నింటికో చూసి ముందురోజు ఇక్కడే రాస్తాను. లైఫ్ జాకెట్లు నేను తెస్తాను. పాప బరువు ఎంతో చెప్పండి, సైజు చూడాలి.

జాలారిపేట_పిల్ల
నాన్న ఒప్పుకున్నారు. అమ్మకి కూడా చెప్పారు. నాకు కూడా ఒక జాకెట్ తేండి, 52 కిలోలు.